పాత మహీంద్రా జీపు: గేరు బాక్సు, ఇరుసుల రోగాలు

అమెరికాలోని విల్లీస్ కంపెనీ నమూనా తీసుకుని మహీంద్రా అండ్ మహీంద్రా మొదట విడిభాగాలు తెప్పించి బిగించింది, తర్వాత పూర్తిగా ఇక్కడే తయారుచేసింది. సి.జె.-3బి, సి.జె.-500, ఎం.ఎం.-540, కమాండర్ వగైరా జీపులన్నీ ఆ ఒక్క వంశానివే. 1949లో బొంబాయి మజగావ్‌లో మొదలైన ఈ వరస, 2010లో థార్ వచ్చేదాకా ఏదో ఒక పేరుతో నడిచింది. ఇప్పుడివి దొరికేది పాతబళ్ళ బేరంలోనే. కొన్నవాళ్ళ ఫిర్యాదుల్లో ఇంజనుకు వచ్చే వాటా తక్కువ. రెండో గేరు నిలవడం లేదు, హ్యాండ్ బ్రేకు పట్టడం లేదు, రాత్రి నిలిపిన చోట పొద్దున నూనె మరక, నలభై దాటితే వెనకనుంచి ఊళ: ఇవీ తరచు వినపడేవి. అన్నీ గేరు బాక్సుకూ, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసుకూ, ప్రొపెల్లర్ షాఫ్టులకూ, ఇరుసులకూ చెందినవి.

పల్నాడు జిల్లాలో, ముఖ్యంగా మాచర్ల నుంచి విజయపురి సౌత్ దాకా ఉన్న రాతినేల మీద ఈ బండి చేసే చాకిరీని దృష్టిలో పెట్టుకుని ఆ రోగాలను ఇక్కడ పరిశీలిద్దాం. జీపు విషయంలో గేరు బాక్సు మీద మోపే నేరాల్లో చాలావాటి మూలం ఆ పెట్టె బయట ఉంటుంది. పెట్టె దించడం చివర చెయ్యాల్సిన పని. మన షెడ్లలో సాధారణంగా అదే మొదట జరుగుతుంది.

జీపు, సాగర్ కుడిగట్టు

విజయపురి సౌత్ కృష్ణ కుడిగట్టున ప్రాజెక్టు కోసం వెలసిన ఊరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. ఇక్కడినుంచి బయలుదేరే కుడికాలవ, అంటే జవహర్ కాలవ, పొడవు 203 కిలోమీటర్లు. ఆనకట్టకు రాయి కొట్టిన చోట్లకూ, కాలవగట్ల మీదికీ మామూలు కారు పోదు. ఆ తరం ఇంజినీర్లకూ ఓవర్సీర్లకూ జీపే గతి. ప్రభుత్వ శాఖలు వాడి వదిలేసిన జీపులు వేలంలో అమ్ముడుపోయి రైతుల చేతికీ, ట్రిప్పులు కొట్టేవాళ్ళ చేతికీ రావడం రాష్ట్రమంతటా జరిగిందే. నాగార్జునకొండ లాంచీ కోసం వచ్చే యాత్రికులు, ఎత్తిపోతల చూసేవాళ్ళు, మిరపకోతకు పోయే కూలీలు, చుట్టుపక్కల పల్లెలనుంచి మాచర్ల సంతకు పోయేవాళ్ళు ఇలాంటి బళ్ళకు గిరాకీ. బస్సు రాని వేళల్లో ఎనిమిది మంది ఎక్కాల్సిన జీపులో పదహారు మంది ఎక్కేవారు. టాపు మీద మూటలు వేరే.

ఇక్కడి నేల, వాతావరణం కూడా జీపుకు కఠిన పరీక్షలే. మాచర్ల నుంచి సాగర్‌కు పోయే దారి నల్లమల అంచు కొండల్లో ఎక్కి, చివర విజయపురి సౌత్ దగ్గర ఘాట్‌గా కిందికి దిగుతుంది. నాపరాతి గనుల బాటల్లో చక్రం ఒక్కసారి పట్టు దొరికి, మరుక్షణం జారుతుంది. రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల కూడా ఈ పక్కనే. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో, లో గేరులో గంటల తరబడి నడిచే బండిలో గేరు ఆయిల్ పలచబడి, ముసలి సీళ్ళ సందుల్లోంచి దారి చూసుకుంటుంది. వాగులు దాటేటప్పుడు ఇరుసుల్లోకి చొరబడే నీళ్ళ సంగతి ముందు ముందు వస్తుంది.

ఇంజను నుంచి చక్రం దాకా

సి.జె.-3బిలో హరికేన్ పెట్రోలు ఇంజను ఉండేది, 2199 సి.సి. అంతకుముందు ఇంజనుకంటే అది పొడుగు కావడం వల్లే ఈ జీపు బోనెట్టు అంత ఎత్తు. ఇంజను వెనక క్లచ్, దాని వెనక టి-90 అనే మూడు గేర్ల పెట్టె, దానికి వీపు ఆనించి స్పైసర్-18 ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేసులోంచి ఒక షాఫ్టు ముందు ఇరుసుకూ, ఇంకొకటి వెనక ఇరుసుకూ పోతాయి. ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా కనిపించే దిమ్మెను మన మేస్త్రీలు హౌసింగు అంటారు. క్రౌను, పినియను, స్టార్ పళ్ళు అందులో ఉంటాయి. జీపులో హౌసింగు నడిమధ్యన ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. షాఫ్టు ఏటవాలుగా పోయిందని చూసి ఇరుసు వంగిందనుకునే కొత్తవాళ్ళు ఉంటారు. అది కంపెనీ పెట్టిన తీరే.

టి-90లో మొదటి గేరు నిష్పత్తి 2.80, రెండోది 1.55, మూడోది సూటి. ట్రాన్స్‌ఫర్ కేసులో లో వేస్తే ఇంకో 2.46 రెట్లు కలుస్తుంది. ఇరుసులో 5.38. ఈ మూడూ హెచ్చవేస్తే మొదటి గేరు, లో కలిసినప్పుడు ఇంజను సుమారు 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అంత పళ్ళబలం చిన్న పెట్టెల్లో ఇమిడింది కాబట్టే జీపు రాళ్ళగుట్ట ఎక్కుతుంది. అంతే బలం షాఫ్టుల కొసల్లోని క్రాసుల మీదా, ఇరుసు కీల మీదా పడుతుంది. డ్రైవరు విసురుగా క్లచ్ వదిలితే ముందు ఆ గొలుసులో ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ తెగుతుంది.

రెండో గేరు ఊడడం

పాత జీపు బేరంలో మొదట అడిగే ప్రశ్న ఇదే. "అన్నా, సెకండు ఊడుద్దా?" అంటే, అమ్మేవాడి జవాబు ఎక్కువసార్లు ఒకటే: "చెయ్యి ఆనిస్తే ఊడదులే." ఊడుతుందని దాని అర్థం. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజనును తిప్పే పరిస్థితి వస్తుంది. పళ్ళ మీద వత్తిడి తలకిందులవుతుంది. అప్పుడు గేరు రాడ్డు టక్కున న్యూట్రల్లోకి వచ్చేస్తుంది. ఇంజను అడ్డు పోయి బండి బ్రేకుల మీదే ఆధారపడుతుంది. మలుపుల దారిలో అది అసౌకర్యంతో ఆగదు, ప్రమాదంగా మారుతుంది.

దేశంలో, అమెరికాలో, టి-90 నడిచిన ప్రతిచోటా ఈ ఫిర్యాదు ఉంది. కారణాలు మాత్రం ఒకటి కాదు, వాటి ఖర్చుల్లో బోలెడు తేడా. అన్నిటికంటే చిన్న కారణం పైమూతలో ఉంటుంది. గేర్లు మార్చే రాడ్లకు గాట్లు ఉంటాయి. అలమార తలుపుకు ఉండే బంతి గడియలాగా ఒక స్ప్రింగు, ఒక ఉక్కు గోళీ ఆ గాటులో కూర్చుని రాడ్డును కదలకుండా పట్టుకుంటాయి. ఏళ్ళు గడిస్తే స్ప్రింగు అలసిపోతుంది, గాటు అంచు అరుగుతుంది. పైమూత బోల్టులు విప్పితే చేతికి వచ్చే భాగం ఇది. తరవాతి అనుమానం గేరును తోసే ఫోర్కు మీద పడాలి. ఊడకుండా ఏళ్ళ తరబడి చేత్తోనో మోకాలితోనో రాడ్డును నొక్కి పట్టుకున్న డ్రైవరు ఆ ఫోర్కును తానే అరగదీస్తాడు. చెయ్యి ఆనించి నడపడం మందు అనుకుంటారు కానీ, రోగాన్ని పెంచేది అదే.

వీటిలో తప్పు దొరక్కపోతే, పెట్టె విప్పకముందే ఇంకోచోట వెతకాలి. గేరు బాక్సు ముందు షాఫ్టు మూతి ఇంజను వెనక చిన్న బుష్‌లో కూర్చుంటుంది. ఆ బుష్ అరిగినా, బెల్ హౌసింగు బోల్టులు వదులైనా, పెట్టెను మోసే రబ్బరు మౌంటింగు చితికినా ఇంజనూ పెట్టే ఒకే గీతలో ఉండవు. షాఫ్టు తిరిగిన ప్రతిచుట్టుకూ కొద్దిగా అల్లాడుతుంది. ఆ అల్లాటకే పళ్ళు ఒకదాన్నొకటి బయటికి తోసుకుంటాయి. లోపల కొత్త పళ్ళు వేసినా, బయట ఈ వంకర ఉన్నంతకాలం గేరు మళ్ళీ ఊడుతుంది. "మూడుసార్లు గేరు బాక్సు చేయించాను" అని యజమాని వాపోతే అది ఇలాంటి బండి అయి ఉంటుంది. చిట్టచివరి కారణం పెట్టె లోపల మెయిన్ షాఫ్టు ముందు వెనకలకు ఆడటం, గేరు మారేటప్పుడు పళ్ళ వేగాలను కలిపే సింక్రో పళ్ళ కొసలు గుండ్రబడటం. అక్కడ మాత్రం పెట్టె దించక తప్పదు.

మొదటి గేరు కథ వేరు. టి-90లో దానికి సింక్రో లేదు. బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, లేదా డబుల్ క్లచ్ తెలిసి ఉండాలి. ట్రిప్పులు కొట్టేవాళ్ళకు ఆ ఓపిక ఉండదు, కదులుతూ ఉండగానే కర్రున దూర్చేస్తారు. ఈ పెట్టెలో మొదటి గేరుకూ రివర్సుకూ జరిగే పన్ను ఒకటే. మొదటిది కొరికి పాడుచేస్తే రివర్సు కూడా పోతుంది. కొనేవాడు రివర్సు మోగుతుందా అని చూసేది అందుకే.

నూనె వలస, తడిసిన హ్యాండ్ బ్రేకు

జీపు యజమానులను ఎక్కువగా తికమక పెట్టేది ఈ రోగమే. కింద చుక్క నూనె పడదు, అయినా నెల తిరిగేసరికి గేరు బాక్సులో నూనె తగ్గుతుంది. టి-90 మెయిన్ షాఫ్టు వెనక కొస ట్రాన్స్‌ఫర్ కేసులోకి చొచ్చుకుపోయి, అక్కడి పన్నును తిప్పుతుంది. రెండు పెట్టెల మధ్య ఉండేది ఒక బేరింగు, ఒక సీలు. అవి అరిగితే గేరు బాక్సులోని నూనె వెనక పెట్టెలోకి వలసపోతుంది. ఒక్కో పెట్టెకు పట్టేది లీటరున్నర లోపే. ముందు పెట్టె ఎండిపోయి పళ్ళు వేడెక్కుతాయి, వెనక పెట్టె నిండి పొంగుతుంది. గాలి పోయే రంధ్రం మట్టితో మూసుకుపోతే లోపల వత్తిడి పెరిగి, వలస ఇంకా జోరుగా సాగుతుంది. ఆ రంధ్రాన్ని శుభ్రం చేయడం ఒక్క నిమిషం పని. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పొంగిన నూనె వెనక సీలు దాటుకుని ఎక్కడికి పోతుందో చూడాలి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రాల్లో లేదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీదే ఉంది. సీలు కారితే నూనె తిన్నగా ఆ డ్రమ్ములోకి పోయి బ్రేకు లైనర్లను నానబెడుతుంది. హ్యాండ్ బ్రేకు పట్టడం లేదని తీగ బిగిస్తారు, లైనర్లు మారుస్తారు, నెలలో మళ్ళీ మామూలే. బ్రేకు రోగం కింద లెక్కగట్టిన ఖర్చు నిజానికి రెండు పెట్టెల మధ్య ఉన్న ఒక సీలుది. వాలులో జీపు ఆపి చక్రం కింద రాయి పెట్టే అలవాటు ఈ ప్రాంతంలో చాలా మంది డ్రైవర్లకు ఉంది. అలాంటి జీపు కింద ఒకసారి దూరి చూస్తే చాలు, డ్రమ్ము చుట్టూ నల్లని జిడ్డు, దాని మీద పేరుకున్న దుమ్ము కథంతా చెబుతాయి.

ట్రాన్స్‌ఫర్ కేసులో గలగల శబ్దం ఎక్కువగా మధ్య షాఫ్టు మీద తిరిగే సన్న రోలర్ల అరుగుదల వల్ల వస్తుంది. ఆ షాఫ్టు కొస దగ్గర కారడం కూడా ఈ కేసుకు పుట్టుకతో వచ్చిన గుణం. బాగుచేయడం కష్టం కాదు, కానీ వెనక భాగంలో సరైన సంఖ్యలో షిమ్‌లు పెట్టి ఆట సరిచూడాలి. అంచనాతో బిగించిన కేసు పదిరోజులకే మళ్ళీ మోగుతుంది.

నూనె ఎంపికలోనూ తప్పు జరుగుతుంది. టి-90లో ఇత్తడి సింక్రో రింగులున్నాయి. ఎస్.ఏ.ఇ. 90 గేరు ఆయిల్‌లో జి.ఎల్.-4 రకం వీటికి నప్పుతుంది. ఇరుసుకు వాడే జి.ఎల్.-5లో అధిక వత్తిడికోసం కలిపే గంధక సమ్మేళనాలు ఇత్తడిని తినేస్తాయి. షెడ్డులో ఒకే డబ్బాలోంచి అన్నిటికీ పోసేస్తే ఇరుసు బాగుంటుంది, రింగులు పోతాయి. ట్రాక్టర్ ఆయిల్ పోసి నడిపే బళ్ళూ ఉన్నాయి. వాటి పెట్టెల ఆయుష్షు గురించి యజమాని చెప్పే లెక్కలు నమ్మదగ్గవి కావు.

ఫోర్ వీల్ ఇరుక్కోవడం

ఫోర్ వీల్ వేసినప్పుడు జీపులో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో బిగుసుకుపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాల్సి ఉంటుంది. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో పేరుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, రాడ్డు టూ వీల్‌కు రాదు. కొద్ది అడుగులు వెనక్కి పోతే మెలి విడిపోయి రాడ్డు వస్తుంది. ముందు ఒక కంపెనీ టైర్లు, వెనక అరిగిన ఇంకో రకం టైర్లు ఉన్నా ఇదే జరుగుతుంది.

ఊళ్ళలో నడిచే చాలా పాత జీపుల్లో ఈ సమస్య రాదు, ఎందుకంటే ముందు షాఫ్టే ఉండదు. డీజిలు మిగులుతుందని తీసి ఇంట్లో పెట్టి ఉంటారు, లేదా బండే కంపెనీ నుంచి టూ వీల్‌గా వచ్చి ఉంటుంది. ఫోర్ వీల్ అని చెప్పి అమ్మేటప్పుడు షాఫ్టు ఎక్కడుందో అడగాలి.

క్రాసులు

ప్రొపెల్లర్ షాఫ్టు రెండు కొసల్లో ఉండే క్రాసులు చవకైనవి, కానీ ఎక్కువ అనుమానాలకు కారణమయ్యేవి. గేరు మార్చి క్లచ్ వదలగానే "టక్" మని ఒక్క దెబ్బ కొడితే, క్రాసు రోలర్లు ఎండి గుంటలు పడ్డాయన్నమాట. వేగం పెరిగేకొద్దీ కాళ్ళకింద నేల వణికితే క్రాసు అరిగి ఉంటుంది, లేదా షాఫ్టు విప్పి బిగించినప్పుడు గుర్తులు కలపకుండా పెట్టి ఉంటారు. షాఫ్టు రెండు ముక్కలుగా జారే చోట రెండు భాగాల మీదా బాణం గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా రాకపోతే రెండు క్రాసుల ఒడుదుడుకులు ఒకదాన్నొకటి సరిచెయ్యవు, పైగా కూడుతాయి.

పల్నాడులో దీనికి ఇంకో కారణం కలుస్తుంది. బరువుకోసం వెనక కమాను కట్టలో అదనంగా ఒకటో రెండో పట్టీలు వేస్తారు. వెనక భాగం పైకి లేచి ఇరుసుకూ షాఫ్టుకూ మధ్య కోణం మారుతుంది. మూటలతో నిండినప్పుడు బాగా ఉన్న బండి ఖాళీగా వస్తూ ఊగిపోతుంది. షెడ్డుకు పోయేది మాత్రం ఖాళీ బండే, మేస్త్రి పట్టుకునేది మంచి క్రాసునే. క్రాసుకు వారానికొకసారి గ్రీసు గన్ను పెట్టే అలవాటు ఉన్న యజమానికి ఈ పేజీలతో పెద్దగా పనిలేదు.

హౌసింగు, ఇరుసు

హౌసింగు ఊళను వినడం నేర్చుకోవాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఊళ వచ్చి, కాలు తీస్తే ఆగిపోతే క్రౌను, పినియను పళ్ళు కలిసే తీరు తప్పింది. కాలు తీసినప్పుడు ఎక్కువైతే పినియను బేరింగు వదులైంది. వేగంతో సంబంధం తప్ప కాలితో సంబంధం లేకుండా గుంయ్ మంటే అది చక్రం బేరింగు, హౌసింగు కాదు. ఈ మూడింటికీ కలిపి "క్రౌన్ పినియన్ పోయింది" అనేస్తారు. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. ఒక్క పినియను మార్చి పొదుపు చేస్తే పాత పన్ను కొత్త పన్నును తినేస్తుంది.

పాత సి.జె. వెనక ఇరుసు కొస శంకువులా సన్నబడి ఉంటుంది. దాని మీద హబ్బు ఎక్కి, చిన్న ఇనుప కీ పట్టుకుని, పెద్ద నట్టుతో బిగుస్తుంది. నట్టు కంపెనీ చెప్పినంత గట్టిగా లేకపోతే హబ్బు ఆడుతూ కీని నలిపేస్తుంది. ఏదో ఒక రోజు ఎక్కుడు దారిలో కీ తెగుతుంది. ఇంజను తిరుగుతుంది, గేరు ఉంటుంది, షాఫ్టు తిరుగుతుంది, బండి మాత్రం నిలబడిపోతుంది. క్లచ్ పోయిందని క్లచ్ విప్పిన ఉదంతాలు జీపు మేస్త్రీలందరి దగ్గరా ఉన్నాయి. వెనక చక్రం పైకెత్తి చేత్తో ఊపితే నిమిషంలో తెలిసే సంగతి అది.

వాగులో దిగిన బండి హౌసింగులోకి నీళ్ళు పోతాయి. వేడిగా ఉన్న ఇరుసు చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి రంధ్రం నుంచీ సీలు సందుల నుంచీ నీటిని పీలుస్తుంది. డ్రైను ప్లగ్గు విప్పితే మజ్జిగరంగు నూనె కారుతుంది. అలాంటి నూనెతో నడిచిన బేరింగు ఎన్నాళ్ళో నిలవదు. ఇరుసు కొస సీలు కారితే నూనె వెనక బ్రేకు డ్రమ్ములోకి చేరి, ఒక పక్కకే బ్రేకు పట్టేలా చేస్తుంది. ముందు ఇరుసులో చక్రాలు తిరిగే గుండు దగ్గర గ్రీసు కారడం కూడా ఇలాంటిదే.

క్లచ్

ఎక్కువమంది గేరు బాక్సు కింద లెక్కవేసే కష్టం నిజానికి క్లచ్‌ది. అన్ని గేర్లూ గట్టిగా పడుతూ, ఇంజను ఆపితే సులువుగా పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. పెడల్ నుంచి ఫోర్కు దాకా ఉండే రాడ్ల కీళ్ళు అరిగి, సగం కదలిక మధ్యలోనే పోతుంది. బండి కదిలేటప్పుడు ఒళ్ళంతా వణికితే ప్లేటు మీద నూనె పడిందేమో చూడాలి. హరికేన్ ఇంజను వెనక సీలు కారడం మామూలే. ప్రయాణికులను ఎక్కించుకుంటూ సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే డ్రైవరు చేతిలో ఏ ప్లేటూ నిలవదు.

మార్చిన ఇంజన్లు

పెట్రోలు ధర భరించలేక హరికేన్ ఇంజన్లు తీసేసి డీజిలు ఇంజన్లు పెట్టడం ఒకప్పుడు దేశమంతటా జరిగింది. మహీంద్రా తానే ప్యుజో లైసెన్సుతో 2112 సి.సి. డీజిలు ఇంజను జీపుల్లో పెట్టింది. బయట షెడ్లలో మెటాడోర్ వాన్ ఇంజను పెట్టించుకున్నవాళ్ళు కోకొల్లలు. ఇంజను కొత్తది, పెట్టె పాతది. రెంటికీ మధ్య లేత్ మీద చేయించిన ఒక ఇనుప పలక. ఆ పలకలో రంధ్రం నడిబొడ్డు వెంట్రుకవాసి తప్పినా పైన చెప్పిన వంకరే వస్తుంది. ముందు బేరింగు తినేస్తుంది, రెండో గేరు ఊడుతుంది, క్లచ్ ప్లేటు మధ్యలో చీలుతుంది. డీజిలు ఇంజను వణుకు, కింద వేగంలోనే వచ్చే బలం టి-90కి అదనపు భారం. ఇంజను మార్చిన జీపులో గేరు బాక్సు పదేపదే పాడవుతుంటే పళ్ళను తిట్టడం దండగ. డయల్ గేజి పెట్టి ఆ పలకను కొలవాలి.

చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా, అనుమతి లేకుండా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగానే సమర్థించింది. ఆర్.సి.లో పెట్రోలు, బోనెట్టు కింద డీజిలు ఉన్న జీపు ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీతో పేచీకి తావిస్తుంది.

తర్వాతి మోడళ్ళు

ఎం.ఎం.-540, కమాండర్ కాలానికి కె.ఎం.టి.-90 అనే నాలుగు గేర్ల పెట్టె వచ్చింది. మొదటి గేరుకు కూడా సింక్రో ఉంది, రెండో గేరు ఊడే రోగం చాలావరకు తగ్గింది. వీటిలో ఎక్కువగా వినేది సింక్రో అరిగి గేరు కర్రుమనడం, రివర్సు కష్టంగా పడటం. తర్వాతి బొలేరోలకు అయిదు గేర్లు వచ్చాయి. ఇంతకన్నా చెప్పుకోదగ్గ తేడా ఒకటుంది, వీటికి విడిభాగాలు మండల కేంద్రంలోనే దొరుకుతాయి. టి-90 పళ్ళు కావాలంటే గుంటూరుకో, విజయవాడ ఆటోనగర్‌కో పోవాలి. అక్కడ కూడా కొత్త డబ్బాలో నకిలీ పళ్ళు దొరికే ప్రమాదం ఉంది. పాత జీపునుంచి తీసిన మంచి అసలు పన్ను చాలాసార్లు దానికంటే మేలు.

సి.జె.-3బి అమెరికాలో 1968లో ఆగింది. జపానులో మిత్సుబిషి ఆ నమూనా జీపులను 1998 దాకా చేసింది. 2018లో మహీంద్రా ఈ రూపాన్నే రాక్సర్ పేరుతో అమెరికాకు తిరిగి తీసుకెళితే, జీప్ పేరు సొంతదారైన ఫియట్ క్రైస్లర్ దావా వేసింది. ముక్కు ముందు భాగం మార్చక తప్పలేదు.

కొనేముందు

షెడ్డు ముందు చదునులో నడిపి చూస్తే జీపు గురించి ఏమీ తెలియదు. కుదిరితే విజయపురి సౌత్ ఘాట్‌లాంటి దారిలో, రెండో గేరులో, యాక్సిలరేటర్ వదిలి చెయ్యి రాడ్డుకు తగలకుండా దిగాలి. అదే దారిలో ఎక్కుతూ ఆపి, హ్యాండ్ బ్రేకు ఒక్కటే వేసి చూడాలి. ఆ తర్వాత కింద దూరి ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము, వెనక చక్రాల లోపలివైపు చూసి, రెండు పెట్టెల నూనె మట్టాలు విడివిడిగా చూసుకోవాలి. ముందు పెట్టెలో తక్కువ, వెనక పెట్టెలో ఎక్కువ ఉంటే కారణం తెలిసినట్టే. బండిని బేరానికి ముందే బాగా కడిగి ఆరబెట్టి ఉంచారంటే అనుమానించాలి.

కాగితాల దగ్గర సాగర్ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఆనకట్ట దాటితే తెలంగాణ. అవతలిగట్టు బండి చవకగా వస్తుంది కానీ, అక్కడి రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి ఫారం 28 కింద ఎన్.ఓ.సి. తెచ్చుకుని ఇక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, పన్ను కట్టాలి. సొంతవాడకపు బండికి పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది కాబట్టి, ఆ తేదీ తర్వాత ప్రభుత్వ శాఖ వేలంలోంచి వచ్చిందనే జీపును రోడ్డు మీద నడపడానికి కొనకూడదు.

ఊడే రెండో గేరుతో ఉన్న జీపును ధర తగ్గించి కొనవచ్చు, అది బాగవుతుంది. కారే హ్యాండ్ బ్రేకు డ్రమ్మును ఘాట్ దింపకముందే బాగుచేయించుకుంటే ఆ జీపునూ కొనవచ్చు. చాసీ మీదా ఇంజను మీదా ఉన్న నంబర్లు ఆర్.సి.లో నంబర్లతో సరిపోలని జీపు ఎంత చవకగా వచ్చినా బేరం అక్కడే వదిలేయండి.